మొగ మూసిన సిద్ధాంతం

1991 ఫిబ్రవరి 10, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. రేపల్లెలో ఒక కళాశాల తరగతి గదిలో, నా పరిశోధనలోని చివరి సిద్ధాంతాన్ని నల్లబల్ల మీద నిరూపించి సుద్దముక్క కింద పెట్టాను. తెనాలికి తిరిగి వెళ్ళే రైలుకు ఇంకా ఎంత వ్యవధి ఉందో చూసుకోవడానికి అదే క్షణంలో గడియారం వైపు చూశాను కనుక వేళ ఇంత కచ్చితంగా గుర్తుంది. నా పని పూర్తయిందని ఆ క్షణంలో నా నమ్మకం. మరో రెండు నిమిషాలు కూడా ఆ నమ్మకం నిలవలేదు.

ఆ గదిలో ఉన్నది మేము ముగ్గురమే. మొదటివారు మా మాస్టారు. బాపట్లలో నాకు బి.ఎస్సీ.లో గణితం చెప్పినవారు. తరువాత నా పరిశోధనకు పర్యవేక్షకులు. రెండవవారు రేపల్లెలోని ఆ కళాశాలలోనే గణితం బోధించే అధ్యాపకురాలు. వయసులోనూ ఉద్యోగంలోనూ నాకంటే బాగా చిన్న. ఆమె ఎక్కడా పరిశోధనకు నమోదు చేసుకోలేదు. విషయం మీద ఇష్టంతో మాతో కూర్చునేవారు. మూడవవాణ్ణి నేను. తెనాలిలో అధ్యాపకుణ్ణి.

మా ఊరు సముద్రం వైపు, అడవులదీవికి దగ్గర. మా అమ్మానాన్నలు ఇతరుల పొలాల్లో కూలికి వెళ్ళేవారు. మా కుటుంబంలో కళాశాలకు వెళ్ళినవాణ్ణి నేనే మొదట. బాపట్లలో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. పరిశోధన అంటే ఏమిటో, దాన్ని ఎలా చేస్తారో ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు నాకు లేదు. మాస్టారు చెప్పిందే పద్ధతి, వారు నడిచిందే దారి. నా నమోదు గడువు ఆ మార్చి నెలాఖరుతో తీరిపోతుంది. అప్పటికే ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. ఈలోగా సిద్ధాంత గ్రంథం సమర్పిస్తే డాక్టరేటు, దాని వెంట రీడరుగా పదోన్నతి. సమర్పించకపోతే అన్నేళ్ళ పనీ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అధ్యాపకులుగా చేరుతున్న మీ కోసం ఇది చెబుతున్నాను. మీలో గణితం చదవనివారు కూడా ఉంటారు. మా విషయం పేరు పెద్దది: స్థానిక సౌష్ఠవాంతరాళాల మీద వర్ణపట సిద్ధాంతం, సమూహ ప్రాతినిధ్యాలు. ఈ జ్ఞాపకానికి అవసరమైనంత మేరకు చెబుతాను. ఒక వంపు తిరిగిన తలాన్ని ఊహించండి. దాని మీద ఎక్కడ నిలబడినా చుట్టుపక్కల ఒకే తీరుగా ఉంటుంది. మొత్తం ఆకారం మాత్రం ఒక్కో తలానికి ఒక్కో రకంగా ఉంటుంది. ఆ తలం మీద నిలకడగా ఊగగల తరంగాలు కొన్ని ఉంటాయి. ఒక్కొక్క తరంగానికి ఒక్కొక్క స్వరం. ఆ స్వరాల జాబితానే వర్ణపటం అంటారు. మరొకవైపు, ఆ తలం వెనుక కొన్ని కదలికల సమూహం ఉంటుంది. ఆ కదలికల దృష్టితో చూస్తే, తలం మీద చోటుచోటుకూ ఒక విలువ ఇచ్చే ప్రమేయాలన్నీ విడదీయరాని ముక్కలుగా విడిపోతాయి. రెండు తలాలకు స్వరాల జాబితా ఒకటే అయితే, ఈ ముక్కలు కూడా ఒకటే అవుతాయా? నా ప్రశ్న ఇదే. అవుతాయని నా సిద్ధాంతం.

ఇక్కడ మరొక్క విషయం చెప్పాలి. కొన్ని తలాలు చెరువులా అన్నివైపులా మూసుకొని ఉంటాయి. కొన్నింటికి ఒక కొసన సన్నని గొట్టంలాంటి భాగం ఉంటుంది. అది పోనుపోను ఇరుకవుతూ అంతు లేకుండా సాగిపోతుంది. దానికి ఇంగ్లీషులో ఒక పేరుంది కాని, మాస్టారికి ఆ పేరుతో తృప్తి లేదు. తెలుగులో చెప్పలేనిది తనకు అర్థం కానట్టేనని వారి లెక్క.

"మీ సముద్రం వైపు ఇలాంటి చోటును ఏమంటారోయ్?" అని నన్ను అడిగారు.

మురుగుకాలువ ఉప్పుటేరులోనో సముద్రంలోనో కలిసేచోటును మొగ అంటారని చెప్పాను. ఆనాటి నుంచి మా ముగ్గురికీ అది మొగ.

మొగ ఉన్న తలంతో లెక్క కష్టం. మొదట్లో మాస్టారు పాఠం చెబుతూ, "ప్రస్తుతానికి మొగలు మూసేద్దాం, తరువాత చూద్దాం" అనేవారు. మా ఊళ్ళో పోటు నీరు పొలాల్లోకి ఎక్కకుండా మట్టికట్ట వేసి మొగను నిజంగానే మూసేవారు. మా నాన్న ఆ పనికి వెళ్ళేవాడు. అందువల్ల ఆ మాట నాకు ఎంతో సహజంగా వినిపించింది. ఆదివారాలు గడిచేకొద్దీ "తరువాత చూద్దాం" అనడం పోయింది. ఆ తరువాత "మూసేద్దాం" అనడం కూడా పోయింది. ఎవరూ ఏమీ అనకుండానే మొగలు మూసి ఉండేవి.

మా ఆదివారాల సంగతి కూడా చెప్పాలి. ఒక వారం తెనాలిలో నా కళాశాల, ఒక వారం రేపల్లె, ఒక వారం బాపట్లలో మాస్టారి ఇల్లు. వారి వసారా గోడకు నల్లరంగు వేయించి బల్లగా వాడేవారు. నేను ఉదయం చర్చిలో ఆరాధన ముగించుకొని, భోజనం చేసి బయలుదేరేవాణ్ణి. "మీకు ఆదివారం రెండు ఆరాధనలండీ. రెండోదానికే ముందు తయారవుతారు" అని మా ఆవిడ దెప్పేది.

మాస్టారు పెట్టిన నియమాలు రెండు. ఒకరు బల్ల దగ్గర చెబుతున్నప్పుడు, వారు సుద్దముక్క కింద పెట్టేవరకు మరొకరు మాట్లాడకూడదు. రెండవది దీనికంటే కఠినమైనది. ఒకరు చదివి చెప్పిన విషయాన్ని, విన్నవారు మరుసటి ఆదివారం చేతిలో కాగితం లేకుండా బల్ల మీద చెప్పాలి. చెప్పగలిగితే ఆ విషయం ఇక వారిది కూడా. చెప్పలేకపోతే అది ఇంకా మొదట చెప్పినవారిదే.

ఆ ఫిబ్రవరి ఆదివారం నేను సుద్దముక్క కింద పెట్టగానే మాస్టారు తృప్తిగా తల ఊపారు. ఆమె మాత్రం బల్ల వైపే చూస్తున్నారు.

"అన్నయ్యగారూ, ఒక చిన్న సందేహమండి. మొగలోకి వెళ్ళిపోయిన తరంగం మీ జాబితాలో ఎక్కడుంది?"

"ఏ మొగమ్మా?"

"ఏ మొగ ఏంటండీ? మీ మూడో అధ్యాయం నుంచి చివరిదాకా ఉదాహరణలన్నీ మొగలున్నవే కదా."

"మొగలు మూశాం కదమ్మా."

"ఎవరు మూశారండీ?"

నేను మాస్టారి వైపు చూశాను. ఆమె కూడా చూశారు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

ఆమె లేచి వచ్చి బల్ల మీద నా మొదటి వాక్యం కింద గీత గీశారు. తలం మీది ప్రతి ప్రమేయాన్నీ జాబితాలోని స్వరాల మొత్తంగా రాయవచ్చు అన్నది ఆ వాక్యం. మూసిన తలానికి అది నిజం. మొగ ఉంటే, దాంట్లోకి పంపిన తరంగం ఏ గోడకూ తగిలి నిలకడగా ఊగదు. అలాంటి తరంగాల స్వరాలు విడివిడిగా లెక్కపెట్టేటట్టు ఉండవు, ఒక హద్దు నుంచి ఎడతెగకుండా సాగుతాయి. అవి ఏ జాబితాలోనూ ఇమడవు. నా మొదటి వాక్యం తప్పు కనుక దాని మీద నిలబెట్టిన నిరూపణ అంతా నిలవలేదు.

"ఇది మీకు తెలియని విషయం కాదు కదండీ" అన్నారు ఆమె, నెమ్మదిగా. తెలియనిది కాదు. ఎక్కడో చదివాను, బోధించాను కూడా. మా గదిలోకి వచ్చేసరికి తెలియనివాణ్ణి అయ్యాను.

తిరుగు రైల్లో మాస్టారు, నేను కలిసి బయలుదేరాం. వారు తెనాలిలో దిగి బాపట్ల బండి ఎక్కాలి.

"మూసింది నేనోయ్" అన్నారు, రైలు వేమూరు దాటాక.

"మొగ అన్న మాట అందించింది నేనండి."

"మాటదేముంది. తెరవమని చెప్పాల్సింది నేను. నువ్వు అడుగుతావని నేను, నేను చెబుతానని నువ్వు."

ఆ విశ్లేషణ పూర్తిగా సరైనదని ఇప్పటికీ నా అభిప్రాయం. అడగడానికి నాకు ఎవరూ అడ్డు చెప్పలేదు. గురువు చేసిన ఏర్పాటును మళ్ళీ తడిమి చూడటం మర్యాద కాదని నాకు నేనే అనుకున్నాను. నా శిష్యుడు ఇంత జాగ్రత్తపరుడు కదా, చూసే ఉంటాడని వారు అనుకున్నారు. పరస్పర గౌరవం వల్ల ఇద్దరమూ ఒకే చోట గుడ్డివాళ్ళమయ్యాం.

మా కళాశాల స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ భౌతికశాస్త్ర అధ్యాపకులది. లోకం తెలిసినవారు, ఎవరి పనికైనా ముందుండేవారు.

"ఏంటి మాస్టారూ, బైండింగుకి ఇచ్చేశారా?" అని మరునాడు ఆయన నన్ను పలకరించారు.

"లేదండి. ఒకచోట తప్పు వచ్చింది."

"ఎన్నో పేజీలో?"

"మొదటి పేజీలోనండి."

ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. విషయమంతా విని చాలా సులువైన ఉపాయం చెప్పారు. "దానికంత ఆలోచన ఏంటండీ. ఇదంతా మూసి ఉన్న తలాలకే వర్తిస్తుంది అని శీర్షికలో ఒక మాట చేర్చండి. ఉదాహరణలు పీకేయండి. తప్పు పోతుంది, గడువూ దక్కుతుంది."

ఆ ఉపాయంలో అబద్ధమేమీ లేదు. నేను కూడా ముందు రాత్రే దాని గురించి ఆలోచించాను. కాని మూసి ఉన్న తలాల విషయంలో నా ప్రశ్నకు సమాధానం లోకానికి ఎప్పుడో తెలుసు. నా గ్రంథంలో కొత్తదంటూ ఏదైనా ఉంటే అది మొగలున్న ఉదాహరణల్లోనే ఉంది. తరువాతి ఆదివారం తెనాలిలో కలిసినప్పుడు రేపల్లె అధ్యాపకురాలితో ఈ మాటే అన్నాను.

"ఆ మాట చేరిస్తే తప్పు ఉండదు లెండి అన్నయ్యగారూ. ఉండటానికి ఇంకేమీ కూడా ఉండదు" అన్నారు ఆమె.

ఆమె మాట తీరే అంత. కోపం వచ్చేలోపల నవ్వు వచ్చేది.

ఆ తరువాత నెలరోజులు నేను కట్ట తవ్వే పనిలో పడ్డాను. మొగను తెరిచి, ఎడతెగని ఆ భాగాన్ని కూడా లెక్కలోకి తీసుకొని నిరూపణను నిలబెట్టాలని ప్రయత్నించాను. తరగతులు, మూల్యాంకనం, ఇల్లు ఎలా గడిచాయో గుర్తు లేదు. ఒక్క అడుగూ ముందుకు పడలేదు.

మార్చి మూడో ఆదివారం బాపట్లలో కలిశాం. ఆమె రేపల్లె నుంచి బస్సులో వచ్చి, మజ్జిగ తాగి, కొంగుతో ముఖం తుడుచుకొని, "మాస్టారూ, నేను కొంచెం చెప్పొచ్చాండి?" అన్నారు. గోడ మీద ఒకే ఒక మొగ ఉన్న తలాన్ని గీశారు. మొగలోంచి తలం లోపలికి ఒక తరంగాన్ని పంపితే అది కొంత మారి మొగలోకే తిరిగి వస్తుంది. ఎంత మారి వచ్చిందన్న దానిలోనే తలం ఆకారానికి సంబంధించిన సమాచారం ఉంటుంది. స్వరాల జాబితాతోపాటు ఈ మార్పును కూడా కలిపి చూస్తే, నా ప్రశ్నకు సమాధానం మళ్ళీ అవునే అవుతుంది. ఒక మొగకే కాదు, ఎన్ని ఉన్నా ఈ దారి పనిచేసేటట్టు ఉంది. అందులో వాడిన పరికరాలు పెద్దలు ఎప్పుడో తయారుచేసి పెట్టినవే. వాటిని మా ప్రశ్నకు అమర్చిన తీరు మాత్రం పూర్తిగా ఆమెది.

ఆమె సుద్దముక్క కింద పెట్టాక మాస్టారు గోడ మీది రాతను మొదటి నుంచి మరోసారి చదివారు.

"అమ్మాయ్, ఇది వీడి గ్రంథంలో చేరాల్సిన ఐదో అధ్యాయం" అన్నారు.

"అందుకే తెచ్చానండి. తీసుకోండి అన్నయ్యగారూ. నాకు రిజిస్ట్రేషనూ లేదు, గడువూ లేదు. నా దగ్గర ఉంటే బీరువాలో చీరల కింద ఉంటుంది."

"నీ సహాయం ముందుమాటలో రాస్తాడులే" అన్నారు మాస్టారు.

నేను సంతోషించాను. ఇంకో విధంగా చెబితే నిజం కాదు. మా అమ్మ అప్పటికే ఊళ్ళో అందరికీ కొడుకు డాక్టరవుతున్నాడని చెప్పింది. కొందరు తమ మోకాళ్ళ నొప్పుల గురించి నాకు కబురు కూడా పంపారు. మిగిలింది ఒక్కటే. మా నియమం ప్రకారం, విన్నదాన్ని వచ్చే ఆదివారం నేను బల్ల మీద చెప్పాలి. చెప్పగలిగితే నాది కూడా అవుతుంది. ఆపైన వారం రోజుల్లో టైపు చేయించి సమర్పించవచ్చు.

మార్చి 24, ఆదివారం, తెనాలిలో నా కళాశాల గదిలో నేను బల్ల దగ్గర నిలబడ్డాను. వారమంతా సెలవు పెట్టి చదివాను. మొదటి గంట చక్కగా నడిచింది. ఆ నిరూపణలో ఒక శ్రేణి ఉంది. ఒక హద్దుకు ఇవతల దాని మొత్తం కట్టవచ్చు. హద్దు దాటితే కట్టడానికి వీలుకాదు. మనకు కావలసిన విలువలు హద్దుకు అవతల ఉన్నాయి. దాటడానికి ఆమె ఒక దారి చెప్పారు. ఆ దారిలోని ప్రతి వాక్యం నాకు గుర్తుంది. రాశాను. రాసి, ఈ వాక్యం తరువాత ఆ వాక్యం ఎందుకు రావాలో చెప్పబోయి ఆగిపోయాను. తుడిచి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అక్కడే ఆగాను.

నియమం ప్రకారం వాళ్ళిద్దరూ నోరు విప్పలేదు. మూడోసారి తుడుస్తుంటే ఆమె ఉండబట్టలేక, "అన్నయ్యగారూ, కాసిని మంచినీళ్ళు తాగండి" అన్నారు. అందులో గణితం లేదు కాబట్టి నియమం తప్పినట్టు కాదని మాస్టారు ఊరుకున్నారు.

నేను నీళ్ళు తాగి, సుద్దముక్క కింద పెట్టాను.

"మాస్టారూ, ఇది నాకు రాలేదండి."

"వచ్చింది కదోయ్, ముప్పాతిక వంతు. ఇంకా వారం ఉంది."

"వారంలో నోటికి వస్తుందండి. ఇప్పటికే వచ్చింది. ఆ మెట్టు ఎందుకో మాత్రం తెలియడం లేదు."

ఆమె ఇబ్బందిగా కదిలారు. "అంత లోతుకి వైవాలో ఎవరడుగుతారండీ?"

"మీరు అడిగారు కదమ్మా."

మాస్టారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు. వారు నన్ను ఒప్పించాలని చూస్తున్నారని నాకు తెలుసు, అందుకు మాటలు వెతుకుతున్నారని కూడా తెలుసు. నేనే ముందు మాట్లాడాను. "మీకింకా సర్వీసు ఉంది కదండీ. ఈ అమ్మాయిని నమోదు చేసుకోండి. ఆ అధ్యాయం ఆమె మొదటి అధ్యాయం అవుతుంది."

"నాకా? మా ఇంట్లో ఇప్పటికే లెక్కల పిచ్చి పట్టిందంటున్నారు" అన్నారు ఆమె.

"పిచ్చికి పట్టా వస్తే ఇంకెవరూ అనరులే అమ్మాయ్" అన్నారు మాస్టారు. అని, నా వైపు తిరిగి, "నీకు తెలుసుగా, నెలాఖరు తరువాత నేను చేయగలిగిందేమీ లేదు" అన్నారు.

"తెలుసండి."

దీన్ని త్యాగమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆనాడు నేను హద్దు దాటి ఉంటే ఆ అధ్యాయాన్ని సంతోషంగా నా గ్రంథంలో చేర్చుకొని, ముందుమాటలో ఆమెకు నాలుగు మంచి మాటలు రాసి, రీడరునై ఉండేవాణ్ణి. దాటలేకపోయాను. దాటలేకపోయిన హద్దును దాటినట్టు నా విద్యార్థుల ముందు ఎన్నడూ చెప్పలేదు కనుక, విశ్వవిద్యాలయం ముందు మాత్రం ఎలా చెబుతాను? చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ లేని చదువు నాకు ఉందని చెప్పుకుంటూ పెరిగాను. ఏది నాకు ఉంది, ఏది లేదు అన్న లెక్క నాకు మొదటి నుంచీ ముఖ్యం.

సాయంత్రం వాళ్ళను రైల్వే స్టేషనుకు తీసుకెళ్ళాను. రేపల్లె బండి ముందు వచ్చింది. ఆమె ఎక్కుతూ, "వచ్చే ఆదివారం వస్తారు కదండీ?" అని అడిగారు. ఆ అడగడంలో భయం వినిపించింది. ఎందుకు రానమ్మా అన్నాను. వచ్చే ఆదివారం ఈస్టర్ అని ఇంటికి వెళ్ళాక మా ఆవిడ గుర్తు చేసింది. ఆ ఒక్క వారం మానేసి, ఆ పైవారం వెళ్ళాను.

మా అమ్మకు విషయం అర్థమయ్యేలా చెప్పడానికి చాలా సమయం పట్టింది. "అయితే డాక్టరు కావా?" అని అడిగింది. ఇప్పుడే కాను అన్నాను. "పోనీలే, ఆ మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఊరుకుంటారు" అంది.

మార్చి 31న నా నమోదు రద్దయింది. నా తరువాత ఉద్యోగంలో చేరిన ఇద్దరు నాకంటే ముందు రీడర్లయ్యారు. వారి కింద పనిచేశాను. మాస్టారి పర్యవేక్షణలో ఆమె ఆ వేసవిలోనే నమోదు చేసుకున్నారు. 1994లో డాక్టరేటు పొందారు. రెండేళ్ళ తరువాత విశ్వవిద్యాలయం ఆమెను పర్యవేక్షకురాలిగా గుర్తించిందని తెలిసి, ఒక ఆదివారం పరిశోధనకు మళ్ళీ నమోదయ్యే దరఖాస్తు పట్టుకొని రేపల్లె వెళ్ళాను.

ఆమె దాన్ని చదివి తల పట్టుకున్నారు. "నేను మీకు గైడునేంటి అన్నయ్యగారూ, ఎవరైనా వింటే నవ్విపోతారు."

"హద్దు దాటడం ఇంకా పూర్తిగా రాలేదమ్మా. ఇక్కడే నేర్చుకోవాలి."

"అయితే ఒక షరతండి. నేను ఏదైనా మూసేద్దామంటే, ఎందుకని అడగాలి."

అడిగాను. మూడేళ్ళపాటు, ఆమెకు విసుగు పుట్టేంతగా, ప్రతి మెట్టు దగ్గరా అడిగాను. 1999లో నాకు డాక్టరేటు వచ్చింది. నా గ్రంథంలో పర్యవేక్షకురాలి సంతకం ఆమెది.